గోడకి చెవులు, పెట్టెకి కళ్ళు

పక్కింట్లో గిన్నె కింద పడిన చప్పుడైతే మన చేతిలో గరిటె ఆగిపోతుంది. అది జారి పడిందా, విసిరితే పడిందా అన్న సంగతి తేలేదాకా పోపు మాడినా పట్టదు. ఈ గుణాన్ని ఆడవాళ్ళకే అంటగట్టి నవ్వుకోవడం మగవాళ్ళకి అలవాటు. మరి ఊళ్ళో పంచాయితీ జరుగుతుంటే పొలం పనులు మానుకుని రచ్చబండ చుట్టూ మూగింది ఎవరట? మనం అరుగుమీదనుంచో, తలుపు చాటునుంచో సగం విన్నాం, మిగతా సగం ఊహించుకున్నాం. అంతే తేడా.

ఇప్పుడా రచ్చబండ తిన్నగా మన హాల్లోకే వచ్చింది. పాటల పోటీలు, డాన్సు పోటీలు, కోటి రూపాయల ప్రశ్నలు, మొగుడూ పెళ్ళాల తగాదాలు, పదిహేను ఇరవై మందిని ఒక ఇంట్లో పెట్టి తలుపేసి చూడ్డాలు... అన్నింటికీ కలిపి రియాలిటీ షోలు అని పేరు. "కాలం చెడిపోయిందమ్మా!" అని పెద్దవాళ్ళు బుగ్గలు నొక్కుకుంటారు. కాలం చెడిపోయిన మాట నాకు తెలియదు గాని, ఈ సరదా మాత్రం కొత్తది కాదు.

అష్టావధానమే తీసుకోండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క మనిషి చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఇంకొకరు ఫలానా అక్షరం వాడకూడదంటారు, మరొకరు అప్రస్తుత ప్రసంగం పేరుతో కావాలని దారి తప్పిస్తారు. మధ్యలో గంట కొడితే ఎన్ని కొట్టారో లెక్క పెట్టుకోవాలి. రిహార్సలు లేదు, తడబడితే సభంతా చూస్తుంది. తిరుపతి వేంకట కవులు పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఊరూరా, సంస్థానం సంస్థానం తిరిగి అవధానాలు చేస్తుంటే జనం వెళ్ళింది పద్యాల కోసమే కాదు. ఈసారైనా చిక్కుపడతారా అన్న ఆరాటం కూడా కలుస్తుంది. ఆ ఆరాటం లేకపోతే ఏ పోటీ అయినా చప్పిడి కూరే.

పద్యనాటకాల సంగతి మరీ తమాషా. ఒక్క రాత్రి ఒక్క నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఇద్దరు ముగ్గురు నటులు ఒకే వేషం కట్టేవారు. పడకసీనుకి ఒకరు, రాయబారానికి ఒకరు. ఎవరి రాగం పొడుగు, ఎవరి గొంతు ఖంగుమంది అని నేలమీద కూర్చున్న జనం తీర్పు చెప్పేవాళ్ళు. నచ్చితే వన్స్ మోర్! చచ్చి పడిపోయిన పాత్ర వన్స్ మోర్ వినపడగానే లేచి, ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేదని మనవాళ్ళు చెప్పుకుని నవ్వుకోవడం తెలిసిందే. ఎస్సెమ్మెస్ లు, మిస్డ్ కాల్ లు లేకపోయినా ఓటింగు మాత్రం ఉంది.

మా జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెలవాళ్ళకి వేదాద్రి ఇలాంటి వేడుకలన్నీ కలిసొచ్చే చోటు. కృష్ణ ఒడ్డున నరసింహస్వామి జ్వాలా, సాలగ్రామ, యోగానంద, వీర, లక్ష్మీ నరసింహులుగా ఐదు రూపాల్లో ఉన్న క్షేత్రం అది. 2022లో జిల్లాలు విడగొట్టాక ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గాని మా నోళ్ళకి ఇంకా కృష్ణా జిల్లాయే. తిరనాళ్ళకి వెళ్ళినవాళ్ళు దేవుణ్ణి ఎంతసేపు చూస్తారో, వచ్చినవాళ్ళని అంతకు రెట్టింపు సేపు చూస్తారు. ఎవరి కోడలు ఏ చీర కట్టింది, ఎవరన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగా దణ్ణం పెట్టుకున్నారు... ఇదంతా తిరుగు ప్రయాణంలో చర్చకి. స్తంభంలో కూడా ఉన్నానని చూపించిన దేవుడి సన్నిధిలో ఇలాంటివి గమనించడం తప్పో ఒప్పో గాని, ఇప్పుడు బిగ్ బాస్ ఇంట్లో స్తంభం స్తంభానికీ కెమెరా ఉందని వింటే నాకు హిరణ్యకశిపుడే గుర్తొస్తాడు.

పెట్టెలోకి ఈ సరదా ఎలా ఎక్కిందో చూద్దాం. 1948లో అమెరికాలో అలెన్ ఫంట్ అనే ఆయన 'క్యాండిడ్ కెమెరా' మొదలుపెట్టాడు. మామూలు మనుషుల్ని వాళ్ళకి తెలియకుండా తమాషా ఇరకాటంలో పెట్టి, వాళ్ళ మొహాలు చూపించడం. అదే ఏడాది డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం పుట్టింది. మనం ఇంకా చెవుల దగ్గరే ఉన్నాం, వాళ్ళు కళ్ళదాకా వెళ్ళారు.

1973లో అక్కడే ఇంకో పెద్ద అడుగు పడింది. కాలిఫోర్నియాలోని లౌడ్ అనే కుటుంబం ఇంట్లో నెలల తరబడి కెమెరాలు తిప్పి, 'యాన్ అమెరికన్ ఫామిలీ' పేరుతో పన్నెండు భాగాలుగా చూపించారు. ఐదుగురు పిల్లల తల్లి పాట్ లౌడ్ తన భర్తని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మనడం, విడాకులు కావాలనడం దేశమంతా చూసింది. తరవాత ఆ కుటుంబం ఒకటే మొత్తుకుంది - మేము నవ్విన రోజులన్నీ కత్తిరించి, ఏడ్చినవి అతికించారని. ఆ మాట ఇవాళ్టికీ ఈ షోల నుంచి బయటికొచ్చినవాళ్ళు అంటూనే ఉన్నారు. ఇరవైనాలుగు గంటల బతుకుని ఒక గంటకి కుదిస్తే, కత్తెర పట్టుకున్నవాడే కథ రాసినవాడవుతాడు. నవలలు రాసేదాన్ని కనక ఈ కిటుకు నాకు తేలిగ్గానే అర్థమవుతుంది. నేనూ నా పాత్రల్ని అలాగే కత్తిరిస్తాను. కాని నా పాత్రలు మర్నాడు బజారుకెళ్ళి కూరలు కొనుక్కోవక్కర్లేదు.

తెలుగులో మొదట వచ్చింది మాత్రం తగాదా కాదు, పాట. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనా చాలా ఏళ్ళు మనం చూసేవాళ్ళమే. 1987లో రామాయణం ఆదివారాలు ఎవరింట్లో టి.వి. ఉంటే వాళ్ళ హాలు ఊరి హాలైపోయిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది. మరుసటేడు 'పాడుతా తీయగా' వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఎదుట పిల్లలు నిలబడి పాడడం, ఆయన తప్పు చెబితే దెబ్బ తగలకుండా చెప్పడం, మధ్యలో ఒక సంగతి తనే పాడి చూపించడం... ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ లాంటి గాయకులు అలా మన ఇళ్ళకి చుట్టాలయ్యారు. బాలు గారు కూడా పోటీలోంచి వచ్చినవారే. 1964లో మద్రాసులో తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పాటల పోటీలో ఆయనకి మొదటి బహుమతి వచ్చింది. అక్కడే ఆయన్ని ఎస్.పి. కోదండపాణి గుర్తించి, తరవాత సినిమాల్లో పాడించారు. తను నిలబడ్డ చోట ఇంకొకరు నిలబడితే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కనక ఆ కుర్చీలో అంత మెత్తగా కూర్చోగలిగారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయినప్పుడు మా వీధిలో కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో సగంమంది, సినిమా పాటలకంటే ఆ కార్యక్రమాన్నే తలుచుకున్నారు.

ఈ ఈటీవీలోనే సుమ ఏళ్ళ తరబడి నడిపిన 'స్టార్ మహిళ' గురించి పెద్దవాళ్ళెవరూ రాయరు. నేను రాస్తాను. ఎక్కడో పల్లెలోనో, చిన్న టౌనులోనో వంటింటికే పరిమితమైన ఆడవాళ్ళు వెళ్ళి, గ్లాసులు పేర్చే ఆటలూ బుడగలు పగలగొట్టే ఆటలూ ఆడి, చీరో గిన్నెలో గెలుచుకుని వచ్చేవారు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలే. కాని "మీ పేరేంటండీ?" అని ఎవరో మైకు పెట్టి అడిగితే, ఫలానా వారి భార్యననో ఫలానా వాడి తల్లిననో కాకుండా స్వంత పేరు చెప్పుకునే అవకాశం ఆ ఇల్లాళ్ళలో ఎంతమందికి అంతకుముందు వచ్చిందంటారు? అడిగిన సుమ కేరళ పిల్ల. మన తెలుగు మనకంటే గడగడా మాట్లాడింది, అది వేరే ముచ్చట.

డబ్బు షోలు 2000 జూలైలో అమితాబ్ బచ్చన్ 'కౌన్ బనేగా కరోడ్ పతి'తో వచ్చాయి. బ్రిటన్ లో 1998లో పుట్టిన ఆటకి అది హిందీ రూపం. తెలుగులో 2014లో నాగార్జున 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అన్నారు. కూర్చుంటే డబ్బు కురవడం అనే కల మాత్రం మా జగ్గయ్యపేటలో రెండువేల ఏళ్ళనాటిది. అక్కడి బౌద్ధ స్తూపంలో దొరికిన చలవరాతి పలకమీద మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి చదరపు నాణాలు వానలా రాలుతుంటాయి. జాతక కథ ప్రకారం ఆ చక్రవర్తికి అదీ చాలక స్వర్గానికి పోయి, ఇంద్రుడి సింహాసనంలో సగం దొరికినా మొత్తం కావాలనుకుని, ఆ ఆశతోనే జారి భూమ్మీద పడ్డాడు. వచ్చినదాంతో ఆట ఆపేసి ఇంటికెళ్ళే వెసులుబాటు ఆయనకీ ఉంది, వాడుకోలేదు.

ఇక తగాదాలు. జీ తెలుగులో 'బతుకు జట్కాబండి' చూసి ముక్కు మీద వేలేసుకోనివాళ్ళు లేరు. జీవిత, రోజా లాంటి నటీమణులు మధ్యవర్తులుగా కూర్చుంటే, ఎదురుగా భార్య, భర్త, అత్త, ఒక్కోసారి రెండో ఆవిడ. తిట్లు, చెప్పులు, కన్నీళ్ళు. అక్కడికి వెళ్ళినవాళ్ళని తిట్టడం చాలా సులువు. పరువు లేదా అంటాం. మన దేశంలో కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. అయినా చదువులేని ఆడమనిషికి కోర్టంటే వాయిదాలు, బస్సు ఛార్జీలు, వకీలు ఫీజు. ఊరి రచ్చబండ దగ్గర కూర్చునేది మగ పెద్దలే. టి.వి. స్టూడియోలో తీర్పు చెప్పే కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చుని, "నువ్వు చెప్పమ్మా" అంటుంది. ఆ పిలుపు కోసం పరువు ఖర్చు పెట్టుకున్న ఇల్లాలిని నేను తప్పు పట్టలేను. ఆవిడ గోడు మధ్యలో ఆపి సబ్బు ప్రకటన వేసినవాళ్ళనీ, ఆ ప్రకటన అయ్యేదాకా కదలకుండా కూర్చున్న మనల్నీ మాత్రం పట్టగలను.

వీటన్నిటికీ పెద్దన్న బిగ్ బాస్. జార్జ్ ఆర్వెల్ 1949లో ప్రచురించిన నవలలో బిగ్ బ్రదర్ ప్రజల్ని ఇరవైనాలుగు గంటలూ కనిపెట్టి చూసే పాలకుడు, పేరు వింటే వణుకు. ఆ పేరుతోనే 1999లో నెదర్లాండ్స్ లో ఆట మొదలైంది. భయపెట్టడానికి పెట్టిన పేరు యాభై ఏళ్ళకి వినోదమైపోయింది! హిందీలో 2006లో, తెలుగులో 2017 జూలైలో వచ్చింది. మొదటిసారి జూనియర్ ఎన్టీఆర్, రెండోసారి నాని, 2019 నుంచి నాగార్జున నడిపారు. మొదటి ఇల్లు లోనావాలాలో అయితే, ఆ తరవాత హైదరాబాదుకి వచ్చింది. 2018లో ఒక పోటీదారు కోసం అభిమానులు సైన్యమని పేరు పెట్టుకుని వీధుల్లో నడిచారు. 2023 డిసెంబరులో రైతుబిడ్డనంటూ వచ్చిన పల్లవి ప్రశాంత్ గెలిచిన రాత్రి స్టూడియో బయట మూగిన గుంపు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టింది. అద్దంలో బొమ్మ గెలిచినందుకు బస్సు అద్దం పగలడం ఏం ఆనందమో!

ఈ ఆట గురించి మాట్లాడేటప్పుడల్లా నాకు ఒక ఇంగ్లీషు పిల్ల గుర్తొస్తుంది. జేడ్ గూడీ. చదువు తక్కువ, నోరు ఎక్కువ. 2002లో బ్రిటన్ బిగ్ బ్రదర్ లో వెక్కిరింపులు తిని ప్రసిద్ధురాలైంది. 2007లో అదే ఇంట్లో మన శిల్పాశెట్టిని జాతి పేరెత్తి అవమానించి దేశదేశాల చీవాట్లు తింది. శిల్ప గెలిచింది. మరుసటేడు హిందీ బిగ్ బాస్ ని శిల్ప నడుపుతుంటే, క్షమాపణ చెప్పినట్టుగా జేడ్ ఆ ఇంట్లోకి వచ్చింది. 2008 ఆగస్టులో ఆ ఇంట్లో ఉండగానే ఆమెకి గర్భాశయ ముఖద్వార కాన్సరని కబురు చెప్పారు. ఆ పిల్ల సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. 2009 మార్చి 22న చనిపోయింది. ఇరవై ఏడేళ్ళు, ఇద్దరు చిన్న కొడుకులు. చివరి రోజుల్లో తన పెళ్ళినీ జబ్బునీ కూడా కెమెరాలకి అమ్మిందని తిట్టినవాళ్ళున్నారు. నా పిల్లల చదువుకి డబ్బు కావాలంది ఆమె. ఆమె కథ చూశాక ఇంగ్లండులో మామూలుకంటే లక్షల సంఖ్యలో ఎక్కువమంది ఆడవాళ్ళు ఆ పరీక్ష చేయించుకున్నారు. మరి ఆ చూడడం తప్పా, ఒప్పా? నాకైతే ఒక్క మాటలో చెప్పడం రాదు. మనలో ఎందరం ఆ పరీక్ష చేయించుకున్నామో లెక్క చూసుకోవచ్చు గాని.

2020 సెప్టెంబరులో కరోనా వల్ల మనమంతా ఎవరిళ్ళలో వాళ్ళం బందీలమై, తలుపేసిన ఇంకో ఇంట్లోవాళ్ళని చూశాం. ఆ నాలుగో సీజన్ లోకి వచ్చింది జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ. పొలంపని చేసుకుని బతికి, 'మై విలేజ్ షో' వీడియోలతో పేరు తెచ్చుకున్న మనిషి. చుట్టూ వయసు పిల్లలు అలిగి, అరిచి, ప్రేమించి, ఏడుస్తుంటే ఆవిడ తనకొచ్చిన తెలంగాణ మాటలో ఉన్నది ఉన్నట్టు అనేసేది. మా చుట్టుపక్కల అత్తగార్లు, ఎప్పుడూ ఈ షో చూడనివాళ్ళు, ఆవిడ కోసం కూర్చున్నారు. ఐదు వారాలకి ఒంట్లో బాగాలేక, ఆ చల్ల గదులు పడక, ఇంటికి పంపమంది. పంపారు. స్వంత ఇల్లు కట్టుకోవాలన్న కోరికతోనే వచ్చానని చెప్పింది గంగవ్వ. నాగార్జున సాయం చేశారు, ఊళ్ళో ఇల్లు లేచింది. గృహప్రవేశం కూడా జనం ఫోన్లలో చూశారు. అరిసెలు సరిపోయాయా, ఎవరెవర్ని పిలిచారు అని మా పిన్ని ఆ వీడియో రెండుసార్లు వేయించుకుంది.