ఏరు దాటి కట్టుకున్న కొట్టం

మంథనికి పోయినప్పుడల్లా చుట్టాలు నన్ను అడిగే మాట ఒకటే. "మహారాష్ట్రలో ఎట్లుంటున్నవే? మరాఠీ వచ్చిందా?" ముప్పై ఏళ్లుగా అదే ప్రశ్న. సిరొంచ తాలూకాలోని మా పల్లెలో ఇంట్లో, వాడలో, అంగడిలో నడిచేది తెలుగే. కాగితం చేతికొస్తే అది మరాఠీ. అడవి దారి పడితే గోండీ, మాడియా. ఈ భాషల మధ్య బతుకు ఎట్లుంటుందో ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. పోయిన ఏడు శివరాత్రి దాటాక పెరట్లో సామాన్ల కొట్టం ఒకటి నా చేతులతో కట్టుకున్నాను. అప్పుడు దారి దొరికింది. మట్టి, కట్టె, వెదురు, రేకు, ఏది తెచ్చుకున్నా దాని వెనుక ఈ నేల కథ ఒకటి ఉంది.

1995లో కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద ఉన్న రెండు లింగాలకు మొక్కి, రేవులో నావ ఎక్కి ఈ ఒడ్డుకు కోడలిగా వచ్చాను. బిడ్డ పరాయి రాష్ట్రానికి పోతున్నదని మా అమ్మ ఆ ఒడ్డున నిలబడి ఏడ్చింది. ఈ ఒడ్డున నావ దిగగానే మా అత్త "పైలం బిడ్డా, రాళ్లు జారుతయి" అని చెయ్యి పట్టుకుంది. అంతా తెలుగే. ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది. నావలో గంట పట్టిన దారి బండి మీద కొన్ని నిమిషాలు.

కొట్టం ఎందుకంటే, పత్తి అమ్మేదాకా దాచుకోవాలి. మిర్చి బస్తాలు, మందు కొట్టే పంపు, తాడిపత్రీలు, గడ్డపారలు అన్నీ వసారాలోనే పడి ఉండేవి. మేస్త్రీని పిలుద్దామంటే దొరకలేదు. మిరప ఏరే కాలంలో మా వైపు కూలీలు గుంపులు గుంపులుగా ఏరు దాటి తెలంగాణకు పోతారు. వాళ్లు తిరిగొచ్చేసరికి వానలు దగ్గరపడతాయి. అందుకని నేనే పూనుకున్నాను. దూలాలు ఎత్తే రోజు మాత్రం పక్కింటి గోండు దాదా, ఆయన కొడుకు వచ్చి పట్టారు.

మొదట జాగా కాగితం చూసుకోవాలి. మన దగ్గర పహాణీ అన్నట్టు ఇక్కడ సాత్‌బారా అంటారు. గ్రామ లెక్కల్లో ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిసిన కాగితం అది. రాసేది తలాఠీ. మనం ఎకరాలు, గుంటలు అంటే అందులో హెక్టార్లు, ఆర్‌లు ఉంటాయి. దానికోసం మా మామగారి ట్రంకుపెట్టె తెరిస్తే పాత కాగితాల మీద జిల్లా పేరు చాందా (ఇప్పటి చంద్రపూర్) అని ఉంది. అక్కడి నుంచి వెనక్కి పోతే కథ పొడుగు.

1860 దాకా గోదావరికి ఈ ఒడ్డు కూడా నిజాందే. ఆ ఏటి ఒప్పందంలో నిజాం ఎడమ ఒడ్డు నేలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. బదులుగా రాయచూరు అంతర్వేది, ధారాశివ్ ఆయనకు తిరిగి దక్కాయి, యాభై లక్షల అప్పు రద్దయింది. ఆ లెక్కలో మా ఊళ్లూ ఉన్నాయి, మమ్మల్ని అడిగినవాళ్లు లేరు. ఇంగ్లీషువాళ్లు ఎగువ గోదావరి జిల్లా అని ఒకటి ఏర్పాటు చేసి సిరొంచను దానికి ముఖ్యపట్టణం చేశారు. భద్రాచలం ఆ జిల్లాలోదే. రామయ్య కొలువున్న ఊరి మీద పెత్తనం 1874 దాకా మా సిరొంచ కచేరీది. ఆ ఏడు జిల్లాను రద్దు చేసి భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసుకు ఇచ్చి, సిరొంచను చాందా జిల్లాలో కలిపారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చర్ల, ఆల్బాక, నూగూరు కూడా మద్రాసుకు పోయాయి. మేము మిగిలాం. తర్వాత మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో చంద్రపూర్ నుంచి విడిపోయిన గడ్చిరోలి జిల్లా. చర్లలో పిల్లలు తెలుగు బడికి, సిరొంచలో పిల్లలు మరాఠీ బడికి పోవడానికి కారణం ఈ గీతలే.

జాగా తేలింది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. మూలమట్టం సరిగ్గా రావాలంటే ఒక వైపు మూడడుగులు, ఇంకో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య సూత్రం ఐదడుగులకు వస్తే మూల కుదిరినట్టు. ఎత్తు చూసుకోవడానికి సన్న గొట్టంలో నీళ్లు నింపుకున్నాను. రెండు కొసల్లో నీళ్లు ఎక్కడ నిలిస్తే అదే మట్టం.

ఆరు గుంజలకు ఆరు గుంతలు, రెండేసి అడుగుల లోతు. తవ్వుతుంటే ఎర్రమట్టి కింద రాయి తగిలింది. మా తాలూకా రాయిని చులకనగా చూడలేను. ప్రాణహిత ఒడ్డున కోట అనే మా పల్లె పేరుతోనే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి శిలల వరుసను పిలుస్తారు. 1960 ప్రాంతంలో పోచంపల్లి దగ్గర ఆ రాళ్లలోంచి బయటపడిన పెద్ద పెద్ద ఎముకలతో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక డైనోసార్‌ను నిలబెట్టారు. దాని పేరు బరపాసారస్ టాగోరి. రవీంద్రుడి శతజయంతి ఏడు 1961 గనుక ఆయన పేరు కలిపారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో మీ పిల్లలకు చూపించే కోటసారస్ దొరికింది ఆదిలాబాద్ వైపే అయినా, దాని పేరులో ఉన్నది మా కోట. దాదాపు 18 కోట్ల ఏళ్ల కింద ఆ జంతువులు తిరిగినప్పుడు ఈ ఒడ్డు, ఆ ఒడ్డు అన్న తేడా లేదు. వడధాం దగ్గర ఇప్పుడు శిలాజాల పార్కు ఉంది. ఎముకలు మాత్రం కలకత్తాలో ఉన్నాయి.

గుంజలకు టేకు కావాలి. అడవి కనుచూపు మేరలోనే ఉంది. అయినా పట్టా భూమిలో మొలిచిన టేకునైనా అనుమతి లేకుండా కొట్టకూడదని ఇక్కడ 1964 నుంచి చట్టం. డిపోలో సుత్తి ముద్ర వేసిన కట్టె కొని, రసీదు, రవాణా పాసు ఇంట్లో భద్రంగా పెట్టుకున్నాను. టేకులో చేవ చూసి కొనాలి. మధ్యలో ముదురు రంగులో ఉన్న చేవకు చెదలు పట్టవు. చుట్టూ తెల్లగా ఉన్న భాగాన్ని రెండేళ్లలో తినేస్తాయి. తెలుపు చెక్కేసి, మట్టిలో దిగే భాగాన్ని పైపైన కాల్చి, కాలిపోయిన ఇంజనాయిలు పూసి, అడుగున బండ పెట్టి నిలిపాను.

అల్లాపల్లి టేకు పేరు మీరు వినే ఉంటారు. ఈ అడవి కోసమే, దీని దారుల కోసమే ఇంగ్లీషువాళ్లు ఇంత లోపలికి వచ్చారు. కుమ్రం భీం మీకు తెలుసు. నిర్మల్‌లో రాంజీ గోండు తెలుసు. అహేరి దగ్గరి మొలంపల్లికి చెందిన బాబూరావు శేడ్మాకేను కూడా తెలుసుకోవాలి. 1858లో గోండులను, రోహిల్లాలను కూడగట్టి కంపెనీ పటాలంతో పోరాడిన యువకుడు. ఆ ఏడు ఏప్రిల్‌లో ప్రాణహిత ఒడ్డున టెలిగ్రాఫ్ తీగలు వేయడానికి వచ్చిన ఇద్దరు దొరలు ఆయన మనుషుల చేతిలో చనిపోయారు. అక్టోబర్ 21న ఆయనను చాందాలో ఉరితీశారు. రెండేళ్లకే మా ఒడ్డు కూడా వాళ్ల చేతికి పోయింది. ఆ తర్వాత 1878 అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి కట్టె కొట్టుకున్నవాళ్లు ఆ చట్టంతో దొంగలయ్యారు. ఈ జిల్లాల టేకు ఇప్పటికీ దూరాలు పోతూనే ఉంది. అయోధ్య రామాలయం తలుపులకు ఈ అడవుల కట్టే వెళ్లింది. వాటిని చెక్కింది హైదరాబాదు వడ్రంగం సంస్థ. ఆ మాట విన్నప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. ఆరు గుంజలకు నేను దాచుకున్న కాగితాలు కూడా అప్పుడే గుర్తొచ్చాయి.

గుంజల చుట్టూ రాతి గోడ కట్టి, మూడు ట్రాక్టర్ల మొరం పోసి, తడిపి దిమ్మెసతో కొట్టి, నేలను రెండడుగులు లేపాను. అంత ఎత్తు ఎందుకని మా ఆయన అడిగాడు. ఇంటి గోడ మీద మరక చూపించాను. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు నీళ్లు మా ఇంట్లో మోకాలి ఎత్తు నిలిచాయి. మేడిగడ్డ దగ్గర ఆ వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడి బ్యారేజీకి 85 గేట్లు. ఒక కొస మీ ఒడ్డున, ఇంకో కొస మా ఒడ్డున. 2016 ఆగస్టులో రెండు రాష్ట్రాలు ఒప్పందం రాసుకున్నాయి, 2019 జూన్‌లో ప్రారంభమైంది, 2023 అక్టోబర్‌లో కొన్ని పిల్లర్లు కుంగాయి. కుంగిన సంగతి మీ పత్రికల్లో రోజూ చదివారు. ఈ ఒడ్డున మునిగిన పొలాల గురించి, పరిహారం కోసం దీక్షలకు కూర్చున్న సిరొంచ రైతుల గురించి ఎంతమంది చదివారు? నీళ్లు ఎందుకు అంత ఎత్తుకు వచ్చాయో తేల్చడం ఇంజనీర్ల పని. ఎక్కడిదాకా వచ్చాయో మాత్రం నా గోడ చెబుతుంది. నేల ఎత్తు ఆ మరకను చూసే పెట్టుకున్నాను.

గోడలకు ఇటుక పెట్టలేదు. వెదురు చీల్చి తడకలు అల్లి, గుంజలకు కట్టి, రెండు వైపులా పేడ కలిపిన మట్టితో మెత్తాను. అల్లిక నాకు నేర్పింది దాదా భార్య. మిర్చి, పత్తి ఉండే చోట గాలి ఆడాలి, లేకపోతే బూజు పడుతుంది. అందుకని చూరు కింద జానెడు మేర మెత్తకుండా వదిలేశాను.

ఈ జిల్లా వెదురు దశాబ్దాల పాటు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక ధనోరా తాలూకాలోని మేంఢా లేఖా గ్రామసభ తన అడవి మీద సామూహిక హక్కు సంపాదించింది. 2011 ఏప్రిల్ 27న కేంద్ర మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి, వెదురు రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతికే ఇచ్చారు. పుస్తకం చిన్నదే. కానీ అది ఎవరి చేతిలో ఉంటుందన్న దాని మీదనే నూట ముప్పై ఏళ్ల అటవీ చరిత్ర నడిచింది.

చివరికి రేకులు. ముందు ఎత్తు తొమ్మిదడుగులు, వెనుక ఏడున్నర, వాన జారిపోవడానికి ఆ వాలు చాలు. రేకులు పరచడం గాలి పోయే వైపు నుంచి మొదలుపెట్టాలి. అప్పుడే పై రేకు అంచు గాలికి ఎదురు తిరగదు. బోల్టు రేకు మడత పైభాగంలో పడాలి, కింద రబ్బరు వాషరు ఉండాలి. మొదటి రేకుకు నేను పల్లంలో బోల్టు వేశాను. చైత్రంలో కురిసిన అకాల వానకు అక్కడే కారింది. విప్పి, తారు పూసి, మళ్లీ బిగించాను.

అందులోకి మొదట చేరింది పత్తి. పత్తి కథ చెప్పకుండా సిరొంచ కథ ముగియదు. దవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర, గోదావరిని ఎగువదాకా పడవల దారి చేయాలన్నాడు. బేరారు పత్తి వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా కాకినాడ రేవుకు చేరాలని ఆలోచన. నదికి అడ్డుపడే రాతి తిన్నెలు మూడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవల్‌మర్రి. వాటిని దాటించే పనుల కోసమే సిరొంచ జిల్లా కేంద్రమై వెలిగింది. ఖర్చు పెరిగింది, రైలు బేరారుకు చేరింది, 1871లో పనులు ఆపేశారు. మూడేళ్లకు జిల్లా కూడా పోయింది. మా తాలూకాకు ఈనాటికీ రైలు లేదు. జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు, రాజధాని ముంబై వెయ్యికి పైనే.

ఇదంతా ఎందుకు రాశానంటే, కొట్టం పూర్తయి తలుపుకు తాళం వేసిన రోజు నాకు ఒక సంగతి తేటపడింది. ఈ నేలను ఏలినవాళ్లందరూ దీన్ని తమ ఇంటి పెరటి కొట్టంలాగే చూశారు. టేకు కావలసినప్పుడు తీశారు, వెదురు కావలసినప్పుడు తీశారు, పత్తికి దారి కావాలంటే తెరిచారు, పని లేకపోతే మూశారు. తాళంచెవి ఇక్కడివాళ్ల చేతికి ఇచ్చింది తక్కువ. మేంఢా లేఖాలో ఇచ్చినప్పుడు అడవి తరిగిపోలేదు, ఊరు నిలబడింది. మిగతా ఊళ్లకూ అదే న్యాయం జరగాలి. అడవి సంగతి అడవి ఊళ్లతో, నది సంగతి రెండు ఒడ్డులతో మాట్లాడి తేల్చాలి.

2027లో గోదావరి పుష్కరాలకు మీరంతా కాళేశ్వరం వస్తారు. మునిగి లేచాక వంతెన దాటి మా వైపుకు రండి. భాష గురించి బెంగ వద్దు. నన్ను మరాఠీ వచ్చిందా అని అడగకండి, మా ఒడ్డు పొలాలు ఎట్లున్నాయో అడగండి. తెలుగులోనే చెబుతాం.