బెత్తం, భాష, కొండబడి

కొండపిల్లవాడు బడిలో సారును 'నువ్వు' అంటాడు. అరకులోయలో గాని పాడేరు వైపు గాని కొత్తగా ఉద్యోగంలో చేరిన మైదానపు ఉపాధ్యాయుణ్ణి మొదటి వారంలోనే నొప్పించే మాట అది. ఉపాధ్యాయుడికి అది పొగరుగా వినిపిస్తుంది. ప్రధానోపాధ్యాయుడికి అది క్రమశిక్షణ లేకపోవడం. తనిఖీకి వచ్చిన అధికారికి ఉపాధ్యాయుడి అసమర్థత. పిల్లవాడికి మాత్రం ఎదుటి మనిషిని పిలిచే మాట, అంతే. తండ్రినీ తాతనూ ఊరిపెద్దనూ వాడు పిలిచేది అలాగే. మన్నన బహువచనం మన సమాజం కట్టుకున్న మెట్లలో ఒకటి. ఆ మెట్లు లేని ఇంటినుంచి వచ్చినవాణ్ణి మెట్టెక్కడం రాలేదని శిక్షిస్తున్నాం.

గిరిజన విద్యను గురించిన నివేదికలు హాజరు తక్కువనీ, పిల్లలు పారిపోతారనీ, మొండిగా మౌనంగా ఉంటారనీ రాస్తూ, కారణాలుగా పేదరికాన్నీ తల్లిదండ్రుల అజ్ఞానాన్నీ చెప్పి ఊరుకుంటాయి. మన కథకులూ ఇంతకంటే దూరం పోలేదు. మన సాహిత్యంలో కొండమనిషి అమాయకుడు, లేదా తిరుగుబాటుదారు. బెంచీమీద కూచుని పాఠం అర్థంకాక కిటికీలోంచి చూసే ఎనిమిదేళ్ళ పిల్లవాడుగా అతను మన కథల్లోకి రావడం అరుదు. అందుకే ఈ చరిత్రను శిక్షవైపునుంచి, భాషవైపునుంచి చూడవలసి ఉంది.

కొండమీదికి బడికన్నా ముందు వెళ్ళింది కొరడా. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టంతో ఈ కొండప్రాంతాలు మామూలు న్యాయస్థానాల పరిధినుంచి తొలగిపోయి ఏజెంటుగా వ్యవహరించే కలెక్టరు చేతికి వచ్చాయి. ఆ తర్వాత అడవి చట్టాలు, పోడుపై ఆంక్షలు, వెట్టి. నర్సీపట్నంనుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చేయించిన వెట్టి, 1922లో అల్లూరి సీతారామరాజు పితూరీకి దారితీసిన కారణాల్లో ఒకటని చరిత్రకారులందరూ ఒప్పుకుంటారు. కొండవాళ్ళకు పని చేతకాదనీ, సమయపాలన లేదనీ, దండన లేకపోతే లొంగరనీ అనడం ఆనాటి అధికారుల వాడుక. తరవాత బడికి వచ్చిన మాటలు ఇవే. పలుగూ పారా బదులు పలకా బలపం వచ్చాయి.

మైదానపు వీధిబడిలో శిక్షలు లేవని కాదు. కోదండం, గోడకుర్చీ, తొడపాశం, గుంజీలు మన పెద్దలంతా అనుభవించినవే. కాని ఆ పంతులు ఊరి మనిషి. తల్లిదండ్రులిచ్చే బియ్యంమీద, పండుగ కట్నాలమీద బతికేవాడు. శిక్షలోని క్రౌర్యం అలా ఉండగా, తిట్టూ దెబ్బా పిల్లవాడికి అర్థమయ్యే భాషలోనే పడేవి. కొండబడి పంతులు ప్రభుత్వం పంపిన మనిషి. అటవీ గార్డు, ఆబ్కారీ జవాను, రెవెన్యూ గుమాస్తా ఏ దారిన వచ్చారో ఆ దారినే వచ్చాడు. అతని చెయ్యి లేస్తే పిల్లవాడికి గుర్తొచ్చేది చదువు కాదు.

ఈ విషయం మొదట గ్రహించిన తెలుగువాడు గిడుగు రామమూర్తి. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర ఉపాధ్యాయుడుగా పనిచేసిన ఈయన, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవడానికి రెండు భాషలూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నాడు. సొంత డబ్బుతో సవరలకు బడులు పెట్టి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాడు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వాచకాలను అచ్చువేసి బహుమానం ఇవ్వబోతే, ఆ డబ్బు సవరల బడికి ఇమ్మన్నాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, తరవాత నిఘంటువు వెలువడ్డాయి.

సాహిత్య విద్యార్థులకు గిడుగు అంటే వ్యావహారికోద్యమం. బడి పుస్తకాల తెలుగు పిల్లల నోటి తెలుగు కాదనీ, ఆ తేడాను పిల్లల తప్పుగా ఎంచి దండించడం అన్యాయమనీ ఆయన వాదించాడు. గ్రాంథికవాదులతో ఆ యుద్ధంలో దిగకముందే ఆయన సవర పిల్లల ఎదుట కూచున్నాడని మనం మరిచిపోతాం. నా ఊహ ఏమంటే, నోటి భాషకూ బడి భాషకూ మధ్య ఉన్న గోతి లోతు ఆయనకు ముందు కొండమీదే కనిపించింది, మైదానంలో తరవాత. ఆయన పోరాటాల్లో ఒకటి మనం గెలిచాం. ఇవాళ ఈ వ్యాసం వ్యావహారికంలో రాస్తున్నాను. రెండోదాన్ని జయంతి సభల్లో ఒక వాక్యంగా మిగిల్చాం. మనం గెలిచిన తెలుగే కువి పిల్లవాడి మీదికి గ్రాంథికమై దిగింది.

శ్రీకాకుళ గిరిజనోద్యమం నాయకుల్లో ఉపాధ్యాయులుండటం యాదృచ్ఛికం కాదు. పల్లె రాములు, ఆ తరవాత వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ముగ్గురూ బడిపంతుళ్ళే. పాలేరు కూలి, వెట్టి, తనఖాలో పోయిన భూములు, అటవీ ఫలసాయానికి గిట్టుబాటు ధర: వీటిమీద వాళ్ళు సంఘం కట్టారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయాక ఉద్యమం వేరే దారి పట్టింది. 1970 జూలైలో సత్యం, కైలాసం హతులయ్యారు. వాళ్ళ రాజకీయ పంథాపై మన సంఘంలో ఎన్నో చర్చలు జరిగాయి, వాటిని ఇక్కడ తిరగదోడను. నాకు ముఖ్యమైనది ఒకటే. పిల్లవాడు బడికి ఎందుకు రాలేదని అడిగిన పంతులు, వాడు షావుకారు పశువుల వెంట ఉన్నాడని తెలుసుకుని, బెత్తం పిల్లవాడివైపు కాకుండా వేరేవైపు తిప్పాడు.

ప్రభుత్వం ఇచ్చిన జవాబుల్లో భూబదలాయింపు నిబంధనల సవరణ ఒకటి, అయిదో ప్రణాళికనాటి గిరిజన ఉపప్రణాళిక, ఐటీడీఏలు మరొకటి. ఆశ్రమ పాఠశాలలు విస్తరించాయి. అన్నం, బట్ట, పుస్తకం దొరికాయి. దీన్ని తక్కువచేసి మాట్లాడే హక్కు కడుపునిండిన మనకు లేదు. కాని ఆశ్రమ పాఠశాల అంటే రోజంతా క్రమశిక్షణే. తెల్లవారుజామున గంట, వరస, ప్రార్థన, తలల లెక్క, పళ్ళెం పట్టుకుని మళ్ళీ వరస, రాత్రి మళ్ళీ లెక్క. చైత్రమాసంలో ఊరంతా వేటపండుగలో ఉంటే, థింసా డప్పు కొండ అవతలనుంచి వినబడుతుంటే, ఆ వయసు పిల్లవాడు గోడ దూకకుండా ఎలా ఉంటాడు? రిజిస్టరులో మాత్రం 'పరారీ' అని రాస్తారు. అడ్డాకులు, చింతపండు ఏరే రోజులు, పోడు పని, కాఫీ కోత: కొండ సంవత్సరం వేరు, విద్యాశాఖ సంవత్సరం వేరు.

మన తరం ప్రగతిశీల ఉపాధ్యాయులు చదవనివాళ్ళం కాదు. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాశాడు. మకరెంకో 1920లో పొల్టావా దగ్గర అనాథ బాలనేరస్థుల కాలనీ నడిపిన కథ చదివి ఉత్తేజితులమయ్యాం. తాను సహనం కోల్పోయి జదోరోవ్ అనే కుర్రవాణ్ణి కొట్టిన ఘట్టాన్ని ఆయన దాచుకోలేదు, దాన్ని పద్ధతిగా చాటుకోనూ లేదు. అయితే మకరెంకోకూ ఆ కుర్రాళ్ళకూ చలి ఒకటే, ఆకలి ఒకటే. తిట్టినా సమాధానపడినా మాట అందేది. చలం మనసులో ఉన్నవాళ్ళు మధ్యతరగతి ఇంటి బిడ్డలు. ఉపాధ్యాయుడి మాటే అందని తరగతి గది వీళ్ళ పుస్తకాల్లో లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలో జీవో 16తో బడుల్లో దేహదండనను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను మానసిక వేధింపును కూడా చేర్చింది. 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారై మాతృభాషలో బోధన మొదలైంది. వాటిలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా మన తూర్పుకనుమలవి. గిడుగు వాచకాలకూ వీటికీ మధ్య తొంభై ఏళ్ళు దాటాయి. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఆ తీర్పుపై గిరిజన సంఘాల ఆందోళన న్యాయమైనదే. అయినా ఒక మాట అనక తప్పదు. తెలుగే మాతృభాషగా పెరిగిన బగత ఉపాధ్యాయుణ్ణి కువి మాట్లాడే కోందు పల్లెకు పంపితే, కులధ్రువపత్రం భాష నేర్పదు. జీవో కోసం పోరాడేవాళ్ళు భాషను కూడా అడగాలి.

ఇదంతా రాస్తున్న నేను నిర్దోషిని కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, దేహదండన నిషేధపు కాగితం ఆఫీసు గదిలో మేకుకు వేలాడుతుండగానే, ఒక ఆశ్రమ పాఠశాలలో మూడో తరగతి పిల్లవాణ్ణి కొట్టాను. వాడు చేసిన నేరం మధ్యాహ్నం భోజనాల తరవాత క్లాసులోకి వస్తున్న నన్ను, అందరి ముందూ, "సారూ, నువ్వు తిన్నావా?" అని అడగడం. వాడికి వచ్చిన పది పన్నెండు తెలుగు మాటల్లో అవి మూడు. తరవాత చాలా రోజులు వాడు తెలుగు మాట్లాడలేదు. 'మొండి' అని నేనే రిపోర్టు రాశాను.

వాడు ఏమన్నాడో నాకు విప్పి చెప్పింది వంటమనిషి. ఆమెది కొండ అవతలి ఊరు, కువి వచ్చు, తెలుగు వచ్చు, సంతకం రాదు. మరుసటి ఏడాది మొదటి పీరియడులో ఆమెను వచ్చి కూచోమని అడిగాను. గోడవారగా చేటలో బియ్యం ఏరుతూ కూచునేది. నేను అన్నమాట ఆమె ఒకసారి వాళ్ళ భాషలో అనేది, పిల్లలు నవ్వేవాళ్ళు, తరవాత జవాబు చెప్పేవాళ్ళు. బెత్తం ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను. మూడు వారాలు గడిచాక, పొయ్యి ఆలస్యమవుతోందని పైనుంచి మెమో వచ్చింది.