పాజిట్రాను ఎవరి సొత్తు?

శాస్త్ర చరిత్ర అంటే మహామేధావుల చరిత్రేనని కొందరంటారు. నేనట్లా భావించను. ప్రతిపదార్థపు తొలి కణమైన పాజిట్రానునే చూడండి. 1931లో డిరాక్ గణితంతో ఊహించిన దాన్ని 1932లో ఆండర్సన్ విశ్వకిరణాల జాడల్లో కనుగొన్నాడు. 1934లో జోలియో-క్యూరీ దంపతులు దాన్ని వెలువరించే పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేశారు. పాజిట్రాను ఎలక్ట్రానును కలిస్తే రెండూ నశించి, రెండు గామా కిరణాలు ఎదురెదురు దిశల్లో పోతాయి. వాటిని జంటగా పట్టి, 1950 దశకం తొలినాళ్లలో బోస్టన్ పరిశోధకులు మెదడులోని కంతుల చోటు గుర్తించారు. 1976లో ఫిలడెల్ఫియాలో ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజును తొలిసారి మనిషికి ఎక్కించారు. ఆ ఫ్లోరిన్ 110 నిమిషాల్లో సగమైపోతుంది. కనుక సైక్లోట్రానుకు కొద్ది గంటల దూరంలో ఉన్నవారికే ఈ పరీక్ష. సైక్లోట్రానేమో పెట్టుబడి ఉన్నచోటే వెలుస్తుంది. ఇందరి శ్రమఫలంలో పల్లె రోగికీ వాటా ఉంది. దాన్ని మనం హక్కుగా అడగాలి.