పొగ యంత్రం లెక్క కట్టేదిలా..

పెట్రోలు బంకుల వద్ద కాలుష్య ధ్రువపత్రాలిచ్చే యంత్రం జిల్లావాసులకు పరిచితమే. సైలెన్సర్‌లో ఉంచిన గొట్టం ద్వారా అది పొగను పీల్చి, మసిని, తేమను వడకట్టి చిన్న గదిలోకి పంపుతుంది. ఆ గదిగుండా పరారుణ కిరణాలు ప్రసరిస్తాయి. కార్బన్‌ మోనాక్సైడ్‌ సుమారు 4.7, హైడ్రోకార్బన్లు 3.4 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను గ్రహిస్తాయి. ఆవలికి చేరిన కిరణాలు ఎంత తగ్గితే ఆ వాయువు అంత అధికంగా ఉన్నట్లు. ఆక్సిజన్‌కు ఈ గుణం లేనందున దానిని రసాయన ఘటంతో కొలుస్తారు. యంత్రం వాడకున్నా ఈ ఘటం క్రమేణా క్షీణిస్తుంది.

భారత్‌ స్టేజ్‌-4 పెట్రోలు కార్లలో ఇంజిన్‌ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు కార్బన్‌ మోనాక్సైడ్‌ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించరాదు.

కిటుకంతా గొట్టం వద్దే ఉంది. దానిని పైపైన తగిలించినా, సైలెన్సర్‌కు చిల్లున్నా బయటి గాలి కలిసి కాలుష్యం తక్కువగా నమోదవుతుంది. సక్రమంగా మండిన పెట్రోలు కారు పొగలో కార్బన్‌ డయాక్సైడ్‌ 14-15 శాతం ఉంటుంది. తెరపై అది సగానికి పడిపోయి ఆక్సిజన్‌ పెరిగితే ఆ పరీక్షను నమ్మరాదు. బండి ఇంటి వద్దే ఉండగా పుట్టే ధ్రువపత్రాల సంగతి వేరు, వాటికి యంత్రంతో పనే లేదు.

డీజిల్‌ వాహనాలకు మాత్రం పొగ కాంతిని ఎంత అడ్డుకుంటుందో చూసే స్మోక్‌ మీటరు వాడతారు. ఏ వాహనమైనా ఇంజిన్‌ వేడెక్కిన తర్వాతే పరీక్షించాలి.