లారీ షాఫ్ట్ విప్పుతున్నారా? 'గేరులో ఉందిలే' అనుకుంటే ప్రాణాలకే ముప్పు!

లారీ షాఫ్ట్ విప్పడం మెకానిక్‌లకు రోజూ ఉండే పనే. కానీ ఆఖరి బోల్టు ఊడిన క్షణంలో బండి కదిలిందంటే, కింద పడుకున్న మనిషికి తప్పించుకునే టైమ్ కూడా ఉండదు. ఉయ్యాలవాడ, కోయిలకుంట్ల పల్లెల నుంచి ధాన్యం, శనగలు మోసే లారీలు, బేతంచెర్ల నుంచి నాపరాళ్లు ఎత్తే బండ్లు, ఆళ్లగడ్డ మీదుగా సాగే కర్నూలు-కడప 40వ నంబర్ జాతీయ రహదారి.. నంద్యాల జిల్లాలో లారీ మీద బతికే కుటుంబాలు ఎన్నో. అందుకే షాఫ్ట్ ఎలా విప్పాలి, పట్టేసిన జాయింట్‌ను ఎలా ఊడదీయాలి, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నది డ్రైవర్లు, క్లీనర్లు కూడా తెలుసుకోవాలి.

అసలు ఈ షాఫ్ట్ ఏంటి?

గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల డిఫరెన్షియల్‌కు శక్తిని తీసుకెళ్లే ఇనుప గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్ట్. పొడవు లారీల్లో ఇది రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. మధ్యలో సెంటర్ బేరింగ్ మోస్తుంది. గుంతల్లో వెనక యాక్సిల్ పైకీ కిందకీ ఊగుతుంటే షాఫ్ట్ కూడా వంపు తిరగాలి. ఆ వంపు ఇచ్చేదే యూనివర్సల్ జాయింట్. ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే క్రాస్, దాని నాలుగు కొనలకు సూది బేరింగ్‌లున్న నాలుగు కప్పులు.. ఇంతే దీని నిర్మాణం. 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కార్డానో, 17వ శతాబ్దపు ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేర్లతోనూ దీన్ని పిలుస్తారు.

ఎందుకు పాడవుతుంది?

ప్రధాన శత్రువు గ్రీజు లేకపోవడమే. దుమ్ము, నీళ్లు లోపలికి పోతే సూదులు తుప్పు పట్టి కప్పు క్రాస్‌కు అతుక్కుపోతుంది. నల్లరేగడి బురదలో దిగబడిన లోడు బండిని క్లచ్ ఒక్కసారిగా వదిలి లాగితే ఆ కుదుపంతా క్రాస్ మీదే పడుతుంది.

గేరు వేసి కదిలించగానే 'టక్' మనే శబ్దం, స్పీడు పెరిగితే బండి కింద వణుకు, కప్పుల అంచున ఎర్రటి తుప్పు పొడి.. ఇవి కనిపిస్తే వెంటనే చూపించాలి. నిర్లక్ష్యం చేస్తే నడుస్తుండగానే షాఫ్ట్ ఊడి రోడ్డుకు కొట్టుకునే ప్రమాదం ఉంది.

ముందు చక్రాలకు దిమ్మెలు.. తర్వాతే పానా

చాలామంది చేసే తప్పు ఇక్కడే. గేరులో పెట్టాం కదా, బండి కదలదు అనుకుంటారు. కానీ గేరు చక్రాలను పట్టుకునేది షాఫ్ట్ ద్వారానే. షాఫ్ట్ ఊడితే గేరుకూ చక్రాలకూ సంబంధమే ఉండదు. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేక్ డ్రమ్ము కూడా గేర్ బాక్స్ వెనకే ఉంటుంది. అలాంటి బండికి షాఫ్ట్ తీస్తే హ్యాండ్ బ్రేక్ కూడా పోయినట్టే.

ఎయిర్ బ్రేక్ లారీల్లో స్ప్రింగ్ బ్రేక్ నేరుగా వెనక చక్రాలనే పట్టుకుంటుంది. అయితే పై బోల్టులు అందడానికి ఒక చక్రం జాకీతో లేపి షాఫ్ట్ తిప్పాలంటే ఆ బ్రేక్ వదలాల్సి వస్తుంది. అందుకే సమతలమైన చోట ఆపాలి, ఇంజిన్ ఆపి తాళంచెవి దగ్గర పెట్టుకోవాలి, నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా గట్టి దిమ్మెలు పెట్టాలి. ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకోకుండా స్టాండు తప్పనిసరిగా వాడాలి.

విప్పే పద్ధతి

1. షాఫ్ట్, ఫ్లాంజ్, స్లిప్ జాయింట్ కలిసే చోట్ల పెయింట్‌తో గుర్తు పెట్టాలి.
2. బోల్టులకు తుప్పు వదిలించే నూనె పట్టించి కాసేపు నానబెట్టాలి.
3. ఆఖరి బోల్టులు తీసే ముందే షాఫ్ట్ కింద జాకీ గానీ, పైనుంచి బలమైన బెల్టు గానీ ఆసరా ఇవ్వాలి. అది ఒక్కరు చేత్తో ఆపగలిగే బరువు కాదు.
4. ఫ్లాంజ్ అతుక్కుంటే ఇత్తడి కడ్డీ ఆనించి అంచు మీద కొట్టాలి. గొట్టం మీద కొడితే సొట్ట పడి బ్యాలెన్స్ పోతుంది.

క్రాస్ పట్టేస్తే?

ముందుగా కప్పును కొంచెం లోపలికి తట్టాలి. సర్‌క్లిప్ మీద ఒత్తిడి తగ్గి సులువుగా ఊడుతుంది. తర్వాత హైడ్రాలిక్ ప్రెస్ లేదా పుల్లర్‌తో కప్పులను నెట్టాలి. ప్రెస్ లేని చోట బెంచి వైస్‌లో ఒక వైపు చిన్న సాకెట్, మరో వైపు కప్పు పట్టేంత పెద్ద సాకెట్ పెట్టి బిగించినా కప్పు బయటికొస్తుంది.

అప్పటికీ రాకపోతే క్రాస్‌నే మధ్యలో కోసేయొచ్చు. పాతది ఎలాగూ పారేసేదే. షాఫ్ట్ చెవులకు మాత్రం గీత పడకూడదు. చెవులు ఎర్రగా కాలేలా గ్యాస్ మంట పెడితే వాటి బలం తగ్గిపోతుంది. బండి కిందే మంట పెడితే గ్రీజు, బ్రేక్ పైపులు అంటుకోవచ్చు. గట్టిపడిన ఉక్కు కప్పును సుత్తితో బాదితే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. కళ్లద్దాలు లేకుండా సుత్తి పట్టొద్దు.

బిగించేటప్పుడు

వంపులో ఉన్న ఒక్క జాయింట్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. రెండో జాయింట్ ఆ తేడాను సరిచేస్తుంది. గుర్తులు తప్పి బిగిస్తే ఆ లెక్క చెడి వణుకు మొదలవుతుంది. కొత్త కప్పు చివరిదాకా దిగకపోతే లోపల సూది పక్కకు పడిందని అర్థం. సుత్తితో దించొద్దు, తీసి చూడాలి. నాలుగు కప్పుల నుంచీ బయటికొచ్చేదాకా గ్రీజు కొట్టాలి. వదులైన లాక్ నట్లు మళ్లీ వాడొద్దు.

టోయింగ్‌కు ముందు షాఫ్ట్ ఎందుకు తీస్తారు?

వెనక చక్రాలు నేల మీద ఉంచి లాగితే షాఫ్ట్ గేర్ బాక్స్‌ను తిప్పుతుంది. ఇంజిన్ ఆగి ఉంటే చాలా గేర్ బాక్స్‌లలో లోపలికి సరిగా ఆయిల్ అందదు, బేరింగ్‌లు కాలిపోతాయి. అందుకే షాఫ్ట్ తీసి లాగుతారు. స్ప్రింగ్ బ్రేక్ కూడా వదిలించిన ఆ సమయంలో లారీని ఆపేది ఏదీ ఉండదు. టోయింగ్ బండికి తగిలించే వరకు దిమ్మెలు తీయొద్దు.

జాతీయ రహదారిపై బండి ఆగితే సాయానికి 1033, ఎవరికైనా గాయాలైతే 108కి కాల్ చేయాలి.