కల, కళ ఒకటే అయిపోతే? వెబ్ అడ్రస్‌లో పెద్దక్షరాల కథ

ఈ ఎపిసోడ్‌ని నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా.

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉండగా శ్రీకాకుళంలో ఒక కోచింగ్ సెంటర్‌కి వెబ్‌సైట్ చేశాను. స్కాలర్‌షిప్ టెస్ట్‌కి ఆన్‌లైన్ ఫామ్ అన్నమాట. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే నడిచింది. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఫ్లెక్సీ కట్టారు. దూరం నుంచి కనబడాలని అడ్రస్ మొత్తం క్యాపిటల్ లెటర్స్‌లో వేద్దామంటే నేనే సరే అన్నాను.

లాస్ట్ డేట్ రోజు సాయంత్రం టెక్కలి నుంచి మావయ్య ఫోన్. "ఏట్రా, నీ సైట్ ఓపెనవట్లేదు? పాప పొద్దున్నుంచి కొడతంది!" నా ఫోన్‌లో చూస్తే చక్కగా ఓపెన్ అవుతోంది. ఎందుకంటే నేను చిన్నక్షరాల్లో కొడుతున్నా, పాప ఫ్లెక్సీ ఫోటో చూసి పెద్దక్షరాల్లో కొడుతోంది. తనకి 404, పేజీ లేదు. నాకు సంగతి అర్థమయ్యేసరికి గడువు దాటిపోయింది. పాప ఆ టెస్ట్ రాయలేదు.

అసలు ఏం జరిగింది? వెబ్ అడ్రస్‌లో రెండు ముక్కలుంటాయి. మొదటిది సైట్ పేరు, అంటే డొమైన్. 1983లో పాల్ మొకాపెట్రిస్ డొమైన్ నేమ్ సిస్టమ్ రూపొందించినప్పుడే పెద్దక్షరం, చిన్నక్షరం రెండూ ఒకటే అని పెట్టారు. ఎలా కొట్టినా సైట్‌కి వెళ్తాం. స్లాష్ తర్వాత వచ్చేది రెండో ముక్క, దాన్ని పాత్ అంటారు. అది సర్వర్ ఇష్టం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్‌లో రెండు రకాల అక్షరాలూ వేరు. దాని బాటలోనే వచ్చిన లినక్స్‌లోనూ అంతే. మైక్రోసాఫ్ట్ డాస్, విండోస్ మాత్రం మామూలుగా తేడా చూడవు. నా ల్యాప్‌టాప్ క్షమించింది, లినక్స్ సర్వర్ క్షమించలేదు.

"అయితే అన్నీ చిన్నక్షరాలు చేసేస్తే పోలా?" అంటారు. ఆగండి. యూట్యూబ్ వీడియో లింక్ చివర 11 గుర్తులుంటాయి కదా, అందులో ఒక్క పెద్దక్షరాన్ని చిన్నది చేసినా ఆ వీడియో రాదు. మన తెలుగుకి ఇది ఇంకా దగ్గరి విషయం.

తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే గొడవే లేదు. కానీ 1990ల మొదట్లో కంప్యూటర్లలో తెలుగు రాయడం కష్టంగా ఉన్నప్పుడు, అమెరికాలో రైస్ యూనివర్సిటీలోని మనవాళ్లు కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక పద్ధతి తయారుచేశారు. దాన్నే ఆర్‌టీఎస్ అంటారు. ఇంగ్లిష్ కీబోర్డుతోనే తెలుగు. చిన్న టీ కొడితే 'త', పెద్ద టీ కొడితే 'ట'. చిన్న ఎల్ 'ల', పెద్ద ఎల్ 'ళ'. తర్వాత వచ్చిన లేఖిని కూడా ఈ దారిలోనే నడిచింది.

అంటే ఇంగ్లిష్ వాళ్లకి అలంకారంలాంటి పెద్దక్షరం మనకి అర్థాన్నే మార్చేస్తుంది. ఈ పద్ధతిలో పెట్టిన పేజీ పేర్లని కళ్లు మూసుకుని చిన్నక్షరాలు చేస్తే పాట, పాత ఒకటైపోతాయి. కల, కళ ఒకటైపోతాయి. ఒక పేజీ ఇంకో పేజీని మింగేస్తుంది.

మరి నేరుగా తెలుగులోనే అడ్రస్ పెడితే? పెట్టొచ్చు. తెలుగు వికీపీడియాలో అలాగే ఉంటుంది. కాకపోతే కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పొడుగ్గా పర్సెంట్ గుర్తులు వస్తాయి. 'శ్రీకాకుళం'లో ఒత్తులు, గుణింతాలు కలిపి 10 యూనికోడ్ గుర్తులు. ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైట్‌కి 3 గుర్తులు. మొత్తం 90! ఫ్లెక్సీ మీద అది వేయలేం.

అందుకే ఇప్పుడు నేను చేసేది ఇది. జనం చేత్తో కొట్టే అడ్రస్ అయితే చిన్నక్షరాల్లో, పొట్టిగా పెడతా. ఎవరు ఎలా కొట్టినా 301 రీడైరెక్ట్‌తో సరైన పేజీకే పంపిస్తా. అక్షరం మారితే అర్థం మారే లింకుల్ని మాత్రం ముట్టుకోను. సైట్ లైవ్‌లో పెట్టాక లినక్స్ సర్వర్ మీదే, పెద్దక్షరాల్లో కూడా కొట్టి చూస్తా.

1863 ఆగస్టు 29న మా శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జీవితమంతా ఒకటే అడిగారు: జనం మాట్లాడే భాషలోనే రాత ఉండాలని. ఆ రోజు అమ్మాయి తప్పేం కొట్టలేదు, ఫ్లెక్సీ మీద ఉన్నదే కొట్టింది. జనం రాసిన తీరుని అర్థం చేసుకోవాల్సింది నా సర్వర్.

మీ ఊళ్లో ఫ్లెక్సీ మీద ఏదైనా వెబ్ అడ్రస్ కనిపిస్తే ఉన్నది ఉన్నట్టు కొట్టి చూడండి. ఓపెన్ అవకపోతే ఆ సైట్ వాళ్లకి ఒక మాట చెప్పండి. ఎవరికో లాస్ట్ డేట్ ఉండొచ్చు. మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను!