సి-60లో తెగిపోయిన రెండో చరణం

అమీర్‌పేట మెట్రోలో రైలు మారేవాళ్లు రోజూ వేలమంది. కిందికి దిగి ఎల్లారెడ్డిగూడ వైపు కాస్త నడిస్తే సారథి స్టూడియోస్ వస్తుందని వాళ్లలో ఎందరికి పట్టిందో! గుత్తా రామినీడు దర్శకత్వంలో 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి'ని తీసింది అక్కడే. మొత్తం హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా అది.

సినిమా ఇక్కడ తీస్తే తీశారు గానీ, ఆ రోజుల్లో హెచ్‌ఎంవీ రికార్డు మాత్రం కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారై రావాల్సిందే. లక్క కలిపి చేసిన 78 ఆర్‌పీఎం పళ్లెం అది. చెయ్యి జారితే పెంకులే. ఒక్కో పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి పట్టదు. సినిమాలో పాట అయిదు నిమిషాలుంటే రెండు పక్కలకూ సర్దాలి, లేదా ఒక చరణం కోసెయ్యాలి. కొన్నిసార్లు ఇందుకు తలకిందులు: రికార్డులో నిక్షేపంగా ఉన్న చరణం సినిమాలో కత్తెరకు పోయేది. అందుకే అసలు అభిమానికి సినిమా ఒక్కటే చూస్తే తృప్తి ఉండదు. 78 ఆర్‌పీఎం రికార్డులను వేల సంఖ్యలో పోగుచేసి లిమ్కా బుక్‌కెక్కిన వి.ఎ.కె. రంగారావు గారిని కొందరు వింతమనిషి అనుకోవచ్చు. నాకైతే ఆయన ఇల్లు ఒక గ్రంథాలయం.

రికార్డు కొనలేనివాడికి హాలు బయట పాటల పుస్తకం ఉండేది. పల్చటి కాగితం, సగం కథ, 'శేషం వెండితెరపై' అనే ఊరింపు. కానీ అందులో పాట రాసిందెవరో, పాడిందెవరో అచ్చయి ఉండేది. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో సంక్షిప్త శబ్ద చిత్రం ఉండనే ఉంది. తర్వాత 'మాయాబజార్', 'దాన వీర శూర కర్ణ' లాంటివి మాటలతో సహా క్యాసెట్లుగా వచ్చాయి. బొమ్మ లేకుండా సినిమాను కొనుక్కుని, డైలాగులు కంఠతా పట్టిన జాతి మనది!

నేను పాటలు కొన్నది క్యాసెట్ల కాలంలో. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వచ్చే దారిలో చిన్న రికార్డింగ్ కొట్టు ఉండేది. అరఠావు మీద పన్నెండు పాటలు రాసి, ఖాళీ సి-60 క్యాసెట్ చేతికిస్తే "రెండ్రోజులాగి రా తమ్ముడూ" అనేవాడు కొట్టాయన. సి-60 అంటే పక్కకు 30 నిమిషాలు. పక్కకు ఆరు పాటలన్న నా లెక్క కాగితం మీద బాగానే కుదిరింది. ఇంటికొచ్చి పెడితే ఆరో పాట రెండో చరణంలో టక్కున తెగింది. వెళ్లి అడిగితే "టేపే అంతుంది, నేనేం చెయ్యను?" అన్నాడు. ఇప్పుడు ఫోన్‌లో పాట పూర్తిగా వస్తున్నా, ఆ చోటు రాగానే చెయ్యి ఆపే బటన్ మీదికి పోతుంది. అలా పాటలు ఎక్కించి అమ్మడం చట్టం ఒప్పని వ్యాపారమని అప్పట్లో మాకు తోచనే లేదు.

అభిమాని డబ్బు పెట్టేది పాటకే కాదు, దాని చుట్టూ ఉన్న వివరానికి. 1987 రిలయన్స్ కప్పు రోజుల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కాగితాల మీది పరుగులు, వికెట్లు కూడబెట్టినవాడూ, తర్వాత కుస్తీవీరుల ట్రంప్ కార్డుల్లో ఎవరి ఎత్తెంతో, బరువెంతో బట్టీపట్టినవాడూ ఇదే బాపతు.

ఆ వివరాన్ని మింగేసింది ఎంపీ3 సీడీ. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర ఫుట్‌పాత్ మీద కొన్న డిస్కులో వంద పాటలు, ఒక్కదానికీ కవి పేరు లేదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకే వీసీడీ, 34కే డీవీడీ ఇచ్చి పైరసీని ధరలోనే కొట్టాలని చూసింది. నేనూ సంచి నిండా తెచ్చుకున్నాను. ఆ కంపెనీ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. అమీర్‌పేట సత్యం థియేటర్ కూడా నేలమట్టమై, ఆ స్థలంలో 2023లో ఏఏఏ సినిమాస్ వెలిసింది.

మీ అటక మీద రికార్డులో, పాటల పుస్తకాలో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వెయ్యకండి. రికార్డుల్ని ఎండ తగలని చోట నిలువుగా పెట్టండి. క్యాసెట్ వినే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ముందుగా మాత్రం లేబుల్ మీది పేర్లన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి.